అరిగిన కీలుకు మాసిక

మన ఇళ్ళలో అరవై దాటినవాళ్ళ నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది: "మోకాళ్ళలో గుజ్జు అయిపోయిందట." తమిళనాట ఉన్న మనవాళ్ళు ఇదే సంగతిని డాక్టరు నోట 'మూట్టు తేయ్‌మానం' అని వింటారు. కర్ణాటకలో ఉన్నవాళ్ళం 'మూళె సవెత' అని వింటాం. ఆ రెండు మాటలూ అరుగుదలను చెబుతాయి. మన 'గుజ్జు' మాత్రం ఏదో డబ్బాలో ఉన్న సరుకు ఖాళీ అయినట్టు చెబుతుంది. ఖాళీ అయినదాన్ని మళ్ళీ నింపవచ్చు గదా అన్న ఆశ ఆ మాటలోనే దాగి ఉంది. ఆ ఆశను పట్టుకుని, దంతం మొదలుకొని ప్లాస్టిక్కు దాకా, గాజు మొదలుకొని పగడం దాకా మనుషులు ఏమేం ప్రయత్నించారో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. నేను వైద్యుణ్ణి కాను. కాని డాక్టరు ఇంగ్లీషులో రాసిన చీటీ పట్టుకుని "ఇందులో ఏముందో తెలుగులో చెప్పు నాయనా" అని వచ్చే పెద్దలకు జవాబు చెప్పడం కోసం ఈ చరిత్రను చదవవలసి వచ్చింది.

ముందు ఆ గుజ్జు అంటే ఏమిటో చూద్దాం. మేక కాళ్ళ పాయా తిన్నవాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఎముక కొసన తెల్లగా, కాస్త నీలిఛాయతో, నున్నగా మెరిసే పొర ఒకటి ఉంటుంది. అదే మృదులాస్థి. మనిషి మోకాలిలో దాని మందం చాలా చోట్ల రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. అందులో మూడింట రెండు వంతులకు పైగా నీరే. ఆ నీటిని కొల్లాజెన్ అనే నారల అల్లిక, ఆ అల్లికలో చిక్కుకుని నీటిని పీల్చుకునే పెద్ద అణువులు పట్టి ఉంచుతాయి. కాలు మోపినప్పుడు నీరు కొంత బయటికి ఒత్తుకుంటుంది, కాలు ఎత్తినప్పుడు మళ్ళీ లోపలికి పీల్చుకుంటుంది. మంచుమీద మంచు జారినదానికంటే నున్నగా ఈ రెండు పొరలూ ఒకదానిమీద ఒకటి జారుతాయి. కాబట్టి అది గుజ్జూ కాదు, ఎముకా కాదు. నీటితో నేసిన బట్ట అనుకుంటే కొంత దగ్గరగా ఉంటుంది.

ఈ బట్టకు చిరుగు పడితే అతకదు. ఈ సంగతిని 1743లో విలియం హంటర్ అనే స్కాట్లండు యువకుడు లండనులోని రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసంలో స్పష్టంగా చెప్పాడు. అప్పటికి ఆయన వయసు సుమారు పాతికేళ్ళే. హిపోక్రటీసు కాలం నుంచి అందరూ ఒప్పుకున్న మాటే ఇదనీ, పాడైన మృదులాస్థి తిరిగి బాగుపడదనీ ఆయన రాశాడు. కారణం తర్వాతి తరాలకు తెలిసింది. చర్మం తెగితే రక్తం వస్తుంది, ఆ రక్తంతోబాటు బాగుచేసే కణాలూ వస్తాయి. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. ఉన్న కొద్దిపాటి కణాలు తమ చుట్టూ ఉన్న గట్టి పదార్థంలో గూళ్ళు కట్టుకుని కదలకుండా ఉంటాయి. వాటికి కావలసిన ఆహారం కీలులోని ద్రవం నుంచి ఊరుతూ అందవలసిందే. నరాలు లేవు గనుక మొదట్లో నొప్పి కూడా తెలియదు. నొప్పి తెలిసే నాటికి అరుగుదల చాలా దూరం వెళ్ళి ఉంటుంది.

శరీరం చేయలేని పనిని బయటి పదార్థంతో చేయించాలన్న ఆలోచన పంతొమ్మిదో శతాబ్దం చివర గట్టిపడింది. 1890లో బెర్లిన్‌లో థెమిస్టోక్లెస్ గ్లుక్ అనే వైద్యుడు ఏనుగు దంతంతో మోకాలి కీలు చేయించి మనిషికి అమర్చాడు. తలుపు బందు లాంటి అమరిక అది. ఆయన రోగులు కీళ్ళకు క్షయ సోకినవాళ్ళు. మొదట్లో కాలు ఆడింది, తర్వాత చీము పట్టింది. దంతం తప్పు చేయలేదు, లోపల ఉన్న రోగమే దాన్ని నిలవనీయలేదు. అటుపైన కొందరు అరిగిన ఎముకల మధ్య పంది మూత్రాశయపు పొరను, కొందరు రోగి తొడ నుంచే తీసిన పొరను పరచి చూశారు. రెండు రాళ్ళ మధ్య గుడ్డ పెట్టినట్టన్నమాట.

ఇరవయ్యో శతాబ్దంలో ముఖ్యమైన మలుపు అమెరికాలోని బోస్టన్‌లో జరిగింది. 1923లో మారియస్ స్మిత్ పీటర్సన్ అనే వైద్యుడు ఒక రోగి వీపులో చాలాకాలంగా ఉండిపోయిన గాజుపెంకును తీశాడు. ఆ పెంకు చుట్టూ నున్నటి పొర ఒకటి ఏర్పడి ఉంది. తుంటి కీలులో గుండ్రటి ఎముకమీద గాజు టోపీ పెడితే దానికింద కూడా అలాంటి నున్నటి పొర పెరుగుతుందేమో, పెరిగాక టోపీని తీసేయవచ్చునేమో అని ఆయనకు తోచింది. ఇది గమనించదగ్గ సంగతి. ఆయన కోరుకున్నది కృత్రిమ కీలు కాదు. శరీరమే తన పొరను తాను నేసుకోవడానికి ఒక అచ్చు ఇవ్వాలన్నదే ఆయన కోరిక. గాజు పగిలింది. సెల్యులాయిడ్ జాతి పదార్థం, పైరెక్స్ గాజు, బేకలైటు ఒకదాని తర్వాత ఒకటి వాడి చూశాడు. చివరికి 1938లో తన పళ్ళ డాక్టరు చెప్పిన సలహాతో, కట్టుడు పళ్ళకు వాడే వైటాలియం అనే మిశ్రలోహాన్ని వాడాడు. అది పగలలేదు. పగలలేదు గనుక తీయవలసిన అవసరమూ రాలేదు. తాత్కాలికంగా పెట్టదలచిన అచ్చు ఆ విధంగా శాశ్వతంగా ఉండిపోయింది. బాగుచేయడం పోయి మార్చివేయడం వచ్చింది.

ఇక మన కథలో అసలు మనిషి దగ్గరికి వద్దాం. ఆయన పేరు జాన్ చార్న్‌లీ. 1911లో ఇంగ్లండులోని లాంకషైర్‌లో బెరి అనే ఊళ్ళో పుట్టాడు. ఫ్రాన్సులో జూడె సోదరులు 1946 నుంచి తుంటి ఎముక గుండును తీసేసి ఆక్రిలిక్ గుండును పెట్టేవారు. అలాంటి గుండు పెట్టించుకున్న ఒక రోగి చార్న్‌లీ దగ్గరికి వచ్చాడు. భోజనాల బల్ల దగ్గర ముందుకు వంగినప్పుడల్లా అతని తుంటి కిర్రుమని చప్పుడు చేసేదట. భార్య ఆ చప్పుడు భరించలేకపోయేదట. వినేవాళ్ళకు నవ్వు రావచ్చు. చార్న్‌లీకి మాత్రం అందులో ఒక యంత్రశాస్త్రపు ప్రశ్న కనిపించింది. కిర్రుమంటోందంటే రాపిడి ఎక్కువగా ఉందన్నమాట. రాపిడి ఎక్కువైతే పెట్టిన గుండు ఎముకలో వదులవుతుంది.

ఆ రోజుల్లో అన్నిటికంటే జారుడు పదార్థంగా పేరున్నది టెఫ్లాన్. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయనవేత్త చేతికి అనుకోకుండా చిక్కిన ప్లాస్టిక్ అది. ఇవాళ మన దోసె పెనాలకు పూసేది అదే. చార్న్‌లీ మొదట గిన్నెలోనూ గుండుమీదా పలుచటి టెఫ్లాన్ పొరలు తొడిగాడు. అరిగిపోయిన మృదులాస్థి స్థానంలో కృత్రిమమైన మృదులాస్థి పెట్టాలన్నదే ఆయన మొదటి ఆలోచన. టోపీకింద ఎముకకు రక్తం అందక అది చచ్చుబడింది. అప్పుడాయన ఎముక గుండును తీసేసి ఉక్కు గుండు పెట్టాడు, గిన్నెను మాత్రం టెఫ్లాన్‌తో చేశాడు. ఆ గిన్నెలను తన ఇంట్లోని లేతుమీద తానే తరిమేవాడు. గుండు చిన్నదైతే రాపిడి తగ్గుతుందని లెక్క వేసి, దాన్ని సుమారు 22 మిల్లీమీటర్లకు తగ్గించాడు. దాన్ని ఎముకలో నిలపడానికి పళ్ళ డాక్టర్లు వాడే ఆక్రిలిక్ సిమెంటు వాడాడు.

ఫలితం అద్భుతంగా కనిపించింది. ఏళ్ళ తరబడి మంచం పట్టినవాళ్ళు లేచి నడిచారు, నొప్పి మాయమైంది. విగన్ పట్టణం దగ్గర రైటింగ్‌టన్ అనే చోట ఒకప్పటి క్షయ ఆసుపత్రిలో ఆయన సుమారు 300 శస్త్రచికిత్సలు చేశాడు. రెండు మూడేళ్ళు గడిచేసరికి ఎక్స్‌రేలలో ఉక్కు గుండు టెఫ్లాన్ గిన్నెలోకి తొలుచుకుపోవడం కనిపించింది. అరిగిన పొడి చుట్టూ ఉన్న కండలో చేరి గడ్డలు కట్టింది. జారుడుగా ఉండటం ఒక గుణం, అరగకుండా ఉండటం మరొక గుణం. టెఫ్లాన్‌కు మొదటిదే ఉంది. రెండోది లేదన్న సంగతి మనుషుల తుంటిలో పెట్టాకే స్పష్టమైంది. ఆ రోగులలో చాలామందికి మళ్ళీ కోత పెట్టవలసి వచ్చింది.

ఈ చోట ఆగి ఆలోచించాలని నాకు అనిపిస్తుంది. పెద్ద పేరు వచ్చినవాళ్ళ చరిత్రల్లో ఇలాంటి అధ్యాయాన్ని ఒక్క వాక్యంలో దాటించేస్తారు. ఆ 300 శస్త్రచికిత్సల వెనుక ఉన్నవాళ్ళు ఎవరు? నొప్పి పోతుందని నమ్మి బల్లమీద పడుకున్న మామూలు లాంకషైర్ జనం. చార్న్‌లీ ఆ అపజయాన్ని దాచలేదు. టెఫ్లాన్ పొడి శరీరంలో ఏం చేస్తుందో తెలుసుకోవడానికి ఆ పొడిని తన తొడలోనే పెట్టించుకున్నాడు. కొత్తగా దొరికిన మరో ప్లాస్టిక్ ముక్కనూ అలాగే పెట్టించుకుని, తొమ్మిది నెలల తర్వాత టెఫ్లాన్ ఉన్నచోట గడ్డలు చేతికి తగులుతున్నాయని, రెండోదాని దగ్గర అలాంటిదేమీ లేదని 1963లో లాన్సెట్ పత్రికకు లేఖ రాశాడు. దీన్ని ప్రాయశ్చిత్తం అనాలో, శాస్త్రం అనాలో నేను తేల్చలేను. ఒకటి మాత్రం చెప్పగలను. తన తొడమీద చేసిన ఆ పరీక్ష రోగులకంటే ముందు జరిగి ఉండవలసింది. ఇవాళ కొత్త పదార్థాన్ని మనిషిలో పెట్టేముందు యంత్రంమీద, జంతువుమీద, కొద్దిమంది మనుషులమీద వరసగా పరీక్షించాలని నియమాలున్నాయంటే, వాటి వెనుక ఇలాంటి అనుభవాల బరువు ఉంది.

ఆ రెండో ప్లాస్టిక్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే సోలాపూరులో, భివండిలో ఉన్న మన పద్మశాలి కుటుంబాలకు ఆశ్చర్యం కలుగుతుంది. అది మగ్గాల సామాను. లాంకషైర్ బట్టల మిల్లుల్లో మరమగ్గాల పళ్ళచక్రాలకు జర్మనీలో తయారైన చాలా ఎక్కువ అణుభారంగల పాలిథిన్ వాడేవారు. సాంచా దగ్గర పనిచేసినవాళ్ళకు తెలుసు, రోజంతా దడదడ కొట్టే యంత్రంలో ఏ భాగం ఎంత త్వరగా అరుగుతుందో. 1962లో ఒక సామాన్ల వ్యాపారి ఆ ప్లాస్టిక్ ముక్కను రైటింగ్‌టన్‌కు తెచ్చాడు. చార్న్‌లీ దాన్ని బొటనవేలి గోటితో గీకి చూసి, ఇది పనికిరాదని పక్కన పెట్టాడు. ఆయన వర్క్‌షాపులో పనిచేసే హ్యారీ క్రేవెన్ అనే కారీగరు మాత్రం, చార్న్‌లీ ఊళ్ళో లేని రోజుల్లో, ఆ ముక్కను అరుగుదల యంత్రానికి ఎక్కించాడు. రాత్రింబగళ్ళు మూడు వారాలు తిప్పినా, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అది అరగలేదు. చార్న్‌లీ తిరిగి వచ్చి ఆ యంత్రాన్ని చూశాడు. తన మాటను వెనక్కి తీసుకోవడానికి ఆయనకు సంకోచం కలగలేదు. 1962 నవంబరులో ఆ పాలిథిన్ గిన్నెను మొదటిసారి మనిషికి అమర్చాడు.

ఈసారి ఆయన తొందరపడలేదు. తన దగ్గర శిక్షణ పొందని వైద్యులకు ఆ కీలును చాలా ఏళ్ళ పాటు ఇవ్వనివ్వలేదు. రోగులు చనిపోయాక ఆ కీలును తీసి పరీక్షించడానికి వాళ్ళు బతికుండగానే అనుమతి అడిగి తీసుకున్నాడు. ఎంతోమంది ఒప్పుకున్నారు. ఆయనకు 1974లో లాస్కర్ బహుమతి, 1977లో సర్ బిరుదు వచ్చాయి. 1982లో మరణించాడు. రైటింగ్‌టన్‌లోనే ఆయన దగ్గర పనిచేసిన కెనడా వైద్యుడు ఫ్రాంక్ గన్‌స్టన్ 1968లో ఇదే లోహమూ, ఇదే ప్లాస్టిక్కూ మోకాలికి పట్టుకెళ్ళాడు. మన పెద్దల మోకాళ్ళలో ఇవాళ ఉన్న కీళ్ళన్నీ ఆ వంశానివే.

పాలిథిన్ కూడా అరుగుతుంది, కాకపోతే మెల్లగా. కంటికి కనిపించని ఆ పొడిని తినడానికి వచ్చిన కణాలు చుట్టూ ఉన్న ఎముకను కూడా కరిగిస్తాయని 1970ల నుంచి 1990ల మధ్య తేలింది. మొదట్లో ఆ నేరం సిమెంటు మీద మోపారు. 1990ల చివర నుంచి వికిరణంతో అణువుల గొలుసులను ఒకదానితో ఒకటి గట్టిగా ముడివేసిన పాలిథిన్ వచ్చాక అరుగుదల బాగా తగ్గింది. 2019లో లాన్సెట్‌లో వచ్చిన లెక్కల ప్రకారం 25 ఏళ్ళ తర్వాత కూడా మోకాలి కీళ్ళలో నూటికి సుమారు 82, తుంటి కీళ్ళలో నూటికి సుమారు 58 నిలిచి ఉన్నాయి. అరవై అయిదేళ్ళ మనిషికి ఇది మంచి వార్త. నలభై ఏళ్ళ మనిషికి అంత మంచి వార్త కాదు. అందుకే స్మిత్ పీటర్సన్ వదిలిపెట్టిన పాత ఆశ, అంటే మొత్తం మార్చకుండా చిరిగినచోట మాసిక వేయడం, మళ్ళీ ముందుకు వచ్చింది.

మాసికకు తగిన బట్ట కావాలి గదా. 1960లో ప్రాగ్ నగరంలో ఒట్టో విక్టర్లె, ద్రహోస్లావ్ లీమ్ అనే ఇద్దరు రసాయనవేత్తలు నీటిని పట్టి ఉంచే ప్లాస్టిక్ జిగురుముద్దను గురించి ప్రకటించారు. కంటికి పెట్టుకునే మెత్తటి లెన్సులు దాని నుంచే వచ్చాయి. మృదులాస్థిలో ఎక్కువ భాగం నీరే గనుక ఈ రకం పదార్థంమీద కీళ్ళ పరిశోధకుల కన్ను పడటం సహజం. 1973లో అమెరికాలోని ఎం.ఐ.టి. లో బ్రే, మెరిల్ అనేవారు పాలీ వినైల్ ఆల్కహాల్ అనే పదార్థంతో చేసిన ముద్దను కృత్రిమ మృదులాస్థిగా వాడవచ్చునని సూచించారు. ఇదీ మగ్గానికి దూరపు బంధువే. మిల్లుల్లో పడుగుకు గంజి పెట్టడానికి ఈ పదార్థాన్నే వాడుతారు.

ఆ దారిలో తయారైన కార్టివా అనే చిన్న దిమ్మెను కాలి బొటనవేలి మొదటి కీలులో పెట్టడానికి 2016 జూలైలో అమెరికా ప్రభుత్వ సంస్థ అనుమతించింది. 202 మంది మీద పరీక్ష జరిగాకే ఆ అనుమతి వచ్చింది. కాని వాడకం పెరిగాక దిమ్మె కుంగిపోవడం, జారిపోవడం, మళ్ళీ కోత పెట్టవలసి రావడం అనుకున్నదానికంటే ఎక్కువగా కనిపించాయి. 2024 అక్టోబరులో తయారీదారులే దాన్ని వెనక్కి పిలిపించారు. చార్న్‌లీ టెఫ్లాన్ కథ అరవై ఏళ్ళ తర్వాత మరో పేరుతో తిరిగి వచ్చినట్టు లేదూ? యంత్రంమీద నిలిచిన పదార్థం కూడా మనిషిలో నిలవడానికి కాలమనే పరీక్ష నెగ్గాలి.

మరికొందరు పదార్థాన్ని వదిలి కణాలను పట్టుకున్నారు. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ వైద్యులు రోగి మోకాలి నుంచే కొద్ది కణాలు తీసి, ప్రయోగశాలలో పెంచి, తిరిగి ఆ గుంటలో నింపారు. 23 మంది రోగుల ఫలితాలను 1994లో ప్రచురించారు. ఆటగాళ్ళకు, వయసులో ఉండి దెబ్బ తగిలినవాళ్ళకు ఇది కొంత పనికివచ్చింది. ఇప్పుడు ఈ రెండు దారులూ కలుస్తున్నాయి. పదార్థం శాశ్వతంగా ఉండనక్కరలేదు. కణాలు వచ్చి ఇల్లు కట్టుకునేదాకా పరంజాలాగా నిలబడి, తర్వాత కరిగిపోతే చాలు. సముద్రపు పగడపు రాయితో చేసిన అలాంటి దిమ్మెకు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2024లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో శామ్యూల్ స్టప్ బృందం రబ్బరులా సాగే ఒక పదార్థాన్ని గొర్రెల కీళ్ళలో పెట్టి, ఆరు నెలల్లో అక్కడ సహజమైన మృదులాస్థిని పోలిన పొర పెరిగిందని ప్రకటించింది. గొర్రె మోకాలు బరువులోనూ కదలికలోనూ మనిషి మోకాలికి దగ్గరగా ఉంటుంది. అయినా గొర్రె గొర్రే.

ఈ చరిత్రంతా మనకెందుకు? డబ్బు చేతులు మారేది మన ఇళ్ళలోనే గనుక. మన దేశంలో 2017 ఆగస్టులో ప్రభుత్వం మోకాలి కీళ్ళ ధరకు హద్దు పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం కీలుకు అప్పుడు నిర్ణయించిన ధర 54,720 రూపాయలు. అంతకుముందు అదే కీలును సగటున లక్షన్నర రూపాయలకు పైగా అమ్మేవారు. వస్తువు ధర తెలియని మనిషి దగ్గర ఎంతైనా తీసుకోవచ్చు. పరాయి భాషలో బేరమాడలేని మనిషి దగ్గర మరీ తేలిక. అలాగే 'గుజ్జు ఇంజెక్షన్' అనే పేరు విని, అది వేయించుకుంటే మృదులాస్థి మళ్ళీ పెరుగుతుందనుకునేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అందులో ఉండేది హయలురానిక్ ఆమ్లం అనే జారుడు ద్రవం. దానితో కొందరికి కొంతకాలం ఉపశమనం కలగవచ్చు. అరిగిపోయిన పొర మాత్రం దానివల్ల తిరిగి రాదు. ఇక్కడే మన మాట మనల్ని మోసం చేస్తోంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ కీళ్ళను మొదట తయారుచేసినవాళ్ళు కుర్చీమీద కూర్చునేవాళ్ళు. మనం నేలమీద బాసింపట్టు వేసుకుని పంక్తి భోజనం చేసేవాళ్ళం, పీటమీద కూర్చుని పూజ చేసేవాళ్ళం. కీలు మార్చాక సాధారణంగా డాక్టర్లు నేలమీద కూర్చోవద్దంటారు. నొప్పి లేకుండా నడవడం కోసం పంక్తిలో చోటు వదులుకోవడం చిన్న త్యాగం కాదు. ఆ సంగతి ముందే తెలిసి ఒప్పుకోవడం వేరు, ఇంటికి వచ్చాక తెలుసుకోవడం వేరు.

కాబట్టి ఆసుపత్రికి వెళ్ళే పెద్దల వెంట ఇంట్లో చదువుకున్న పిల్లలు ఒకరు వెళ్ళి నాలుగు ప్రశ్నలు అడగాలని నా మనవి. పెట్టేది ఏ పదార్థం? అది మనుషుల్లో ఎన్నేళ్ళుగా ఉంది? ఎంతమందికి మళ్ళీ కోత పెట్టవలసి వచ్చింది? పెట్టించుకున్నాక ఏ పనులు మానుకోవాలి? జవాబులు కన్నడంలో వచ్చినా, తమిళంలో, ఒడియాలో, మరాఠీలో వచ్చినా, ఇంటికి తిరిగి వచ్చే దారిలో వాటిని తెలుగులో వివరంగా ఆ పెద్దలకు చెప్పాలి. కోత పడేది వాళ్ళ కాలికే గనుక, ఒప్పుకోవడమో మానడమో వాళ్ళే తేల్చుకోవాలి.